ఎండబెట్టిన సీసాలు

మా ఆయన రిటైరైన ఏడాదికి ఇంట్లో బీరు చేయడం మొదలుపెట్టాడు. మా వైపు దీన్ని కాయడం అంటారు, సారా కాసినట్టే. ఆ మాట నా నోట్లోంచి వచ్చినప్పుడల్లా ఆయన మొహం ముడుచుకునేది. "కాయడం కాదే, బ్రూయింగ్" అని సరిదిద్దేవాడు. దోసెపిండి ఎందుకు పులుస్తుందో ఏనాడూ అడగని మనిషి, ఫోనులో ఎవడిదో విదేశీ వీడియో చూసి, సైన్సు టీచరునైన నాకు ఈస్టు గురించి పాఠం చెప్పేవాడు.

కర్నూలులో మా మేడమీది గది మొత్తం ఆయన సామానే. బిందెకంటే పొడుగ్గా ఒక స్టీలు పీపా, దాని పేరు కెగ్గు. ఆ కెగ్గుకు ఒక సొంత ఫ్రిజ్జు, పక్కన గ్యాసు సిలిండరు, గొట్టాలు, గ్యాసు ఒత్తిడి చూపే గడియారం లాంటి మీటరు. కింద వంటింట్లో పాలు విరిగిపోతే తల తిప్పి చూడడు గానీ, పైన ఫ్రిజ్జు ఎంత చల్లగా ఉందో రోజుకు నాలుగు సార్లు నోటుపుస్తకంలో రాసుకునేవాడు. ఇంత చేసి తయారయ్యేది ఏమయ్యా అంటే, కాస్త చేదుగా ఉండే గోధుమరంగు నీళ్లు.

ఆయన స్నేహితులు నలుగురున్నారు. అందరూ ఆయనలాగే భూములున్న ఇళ్లలో పుట్టి, ఏ పనీ చేతులారా చేయకుండా పెద్దవాళ్లైనవాళ్లు. ఈయన బీరును వాళ్లు ఎద్దుల కుడితి అని ఎగతాళి చేసేవాళ్లు. పోయిన ఏప్రిల్లో అందరూ కలిసి గండికోటకు పోదామనుకున్నప్పుడు ఈయనకు రోషం వచ్చింది. రెండు డజన్ల సీసాలు తెస్తాను, తాగి మాట్లాడండి అన్నాడు. కెగ్గును కోట మీదికి మోసుకుపోలేరు కదా, అందుకని ముందురోజు శనివారం బీరును సీసాలకు పట్టాలని కూర్చున్నాడు. ఆ సీసాలు బాగా రాకపోతే ఆ నలుగురి ముందు ఇక తలెత్తుకోలేడు.

పొద్దున్నే సీసాలు వేడినీళ్లతో కడిగి మిద్దె మీద ఎండకు బోర్లించాడు. వాళ్లమ్మ ఊరగాయ జాడీలు అట్లే ఎండబెట్టేదట. ఏప్రిల్ నెల, కర్నూలు ఎండ. ఒంటిగంటకు గుడ్డతో పట్టుకుని తప్ప ఎత్తలేనంత కాలిన సీసాలను మురిసిపోతూ లోపలికి తెచ్చుకున్నాడు. ఏమవుతుందో నాకు తెలుసు. అయినా నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదో చెప్పాలంటే మా నాయన సంగతి చెప్పాలి.

మా నాయన కర్నూలు కోట బురుజు దగ్గర తోపుడు బండి మీద గోలీసోడా అమ్మేవాడు. సోడా పట్టేది మా ఇంట్లోనే. కాలేజీలో చేరేదాకా సీసాల్లోకి గ్యాసు ఎక్కించే మిషను తిప్పింది నేనే. ఒకసారి సీసా పేలి నాయన ఎడమచేతి వేళ్లు రెండు సగానికి పోయాయి. తరువాత నాకు టీచరు ఉద్యోగం వచ్చింది, దాన్ని చూసి ఈ ఇంటివాళ్లు నన్ను చేసుకున్నారు. వాళ్లకు నా ఉద్యోగం పనికొచ్చింది, మా బండి పనికిరాలేదు. "మామది కూల్ డ్రింక్స్ ఏజెన్సీ" అని మా ఆయన పెళ్లిలోనే తన బంధువులకు చెప్పాడు. ముప్పై ఏళ్లు అదే మాట మీద ఉన్నాడు. నాయన పోయేవరకూ, ఈ ఇంటికి ఎప్పుడొచ్చినా ఆ చేతిని తువ్వాలు కింద పెట్టుకునే కూర్చునేవాడు.

అందుకే ఆ మధ్యాహ్నం నేను కింద కూర్చుని చింతపండు గింజలు తీసుకుంటున్నాను. పావుగంటకు ఆయన దిగొచ్చాడు, చొక్కా పొట్టకు అతుక్కుపోయి, మీసాల మీద నురగతో.

"ఏమే, సగం సీసా గూడా నిండడంల్యా. అంతా నురగే వస్తాండాది."

"వీడియోలో ఆయప్పను అడగకపోయినారా?"

"చూస్తాండా గదా, వాళ్లకు రాలేదు ఇట్ల."

ఆ వీడియో తీసినవాడు మంచు కురిసే ఊళ్లో ఉన్నాడని కూడా ఈ పెద్దమనిషికి తట్టలేదు. పైకి పోయి చూస్తే నేలంతా జిగట. ఆయన మీద జాలేమీ కలగలేదు. కానీ గ్యాసు పట్టే పని ఎవరైనా అంత అడ్డదిడ్డంగా చేస్తుంటే చూస్తూ నిలబడడం నా వల్ల కాదు.

ఐసు తెప్పించి టబ్బులో పోసి, సీసాలన్నీ అందులో ముంచాను. మా నాయన వేసవిలో కుండనీళ్లతో తప్ప సోడా పట్టేవాడు కాదు, చల్లదనం లేకపోతే నీళ్లలో గ్యాసు నిలవదని. కెగ్గులో ఎక్కువైన గ్యాసు వదిలేసి మీటరు బాగా తగ్గించాను. గొట్టం సీసా అడుగుకు ఆనించి, పక్కకు వంచి, మెల్లగా వదిలాను. నురగ మూతి దాకా పొంగినప్పుడు దాని మీదనే మూత బిగించాను, లోపల గాలికి చోటు లేకుండా. ఇరవై నాలుగు సీసాలు. ఒక్కటీ పొర్లలేదు. ఆయన గుడ్డ పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"ఇదంతా నీకు ఎట్ల తెలుసే?" అన్నాడు. నాతో ముప్పై ఏళ్లు కాపురం చేసి అడిగిన ప్రశ్న.

"మా నాయన ఏజెన్సీలో నేర్పించినారు" అన్నాను. ఆయన నేల తుడవడానికి వంగాడు.

ఆదివారం పొద్దున నలుగురూ కారేసుకుని వచ్చారు. బయలుదేరేలోగా ఒకాయన ఆగలేక ఒక సీసా మూత తీశాడు. టప్పుమని చప్పుడైంది, గ్లాసులో నురగ రెండు వేళ్ల మందాన నిలబడింది.

"శానా బాగుండాదప్పా! గ్యాసు ఇంత బాగా ఎట్ల పట్టించినావు?"

మా ఆయన కాలు మీద కాలేసుకున్నాడు. "మా మామది కూల్ డ్రింక్స్ ఏజెన్సీ గదప్పా. మాకు ఇయ్యన్నీ తెలిసిన పనులే."

కాఫీల ప్లేటు పట్టుకుని నేను గుమ్మంలోనే ఉన్నాను. ఒళ్లు మండిపోయింది.

"ఏజెన్సీ కాదన్నా. బురుజు కాడ తోపుడు బండి. గోలీసోడా" అన్నాను.

సీసా తీసినాయన గ్లాసు దించాడు. "వేళ్లు తెగిన ఆయప్ప బండేనామ్మా? ఓరి, కాలేజీ ఇడిసినాక రోజూ ఆడనే గదరా తాగుతాంటిమి! నువ్వు గూడా తాగినావు గదప్పా!" అని మా ఆయన భుజం తట్టాడు.

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాకు కడుపు నిండిపోయింది. ఇంతకాలం ఈ మాట కోసమే ఉన్నానేమో అనిపించింది. ఆయన మెల్లగా తలెత్తి నా వైపు చూశాడు.

"నువ్వు గూడా మీ స్కూల్లో అదే చెప్తాంటివి గదే" అన్నాడు.

వాళ్లు సీసాలు కారులో పెట్టుకుని వెళ్లిపోయాక కూడా నేను కాఫీలు చల్లారిన ప్లేటు ముందు కూర్చునే ఉన్నాను. పెళ్లైన కొత్తలో నాయన ఒకసారి మా స్కూలుకు వచ్చాడు. మధ్యాహ్నం ఎండలో, తడిగోనె కప్పిన నాలుగు సోడాలు తీసుకుని, టీచర్లందరికీ ఇయ్యమ్మా అని. ఎవరు ఈయన అని పక్క టీచరు అడిగింది. మా నాయనకు ఏజెన్సీ ఉంది, దాంట్లో పనిచేసే మనిషి అన్నాను.

నాయన విన్నాడు. సోడాలు బల్ల మీద పెట్టి, "వస్తానండీ టీచరమ్మా" అని, ఆ చేయి దాచుకోకుండా, రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టి వెళ్లిపోయాడు.