ఎడమకు గుంజే బండి

మా కారు ఎడమకు పోయేది. స్టీరింగు ఎంత నిటారుగా పట్టుకున్నా సరే, మేకపిల్ల పక్కనున్న చేనులోకి పోయినట్టు మెల్లగా ఎడమకు జరిగేది. ఈ మాట ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను. నిరుడంతా మాత్రం ఎడమకు పోయేది బండి కాదు, నేనే అని నమ్మాను. నమ్మించింది మా ఆయన.

మేముండేది గోదావరిఖనిలో, గని కార్మికుల క్వార్టర్లలో. నేను పాఠాలు చెప్పే బడి గోదావరి అవతల, జైపూర్ దిక్కు. పొద్దున్నే ఒక ఆటో ఎక్కి, బ్రిడ్జి దాటాక దిగి, ఇంకో ఆటో నిండేదాకా ఎండలో నిలబడి, చీరంతా నలిగి బడికి చేరేదాన్ని. నా బండి నేను నడుపుకుంటూ పోవాలి, ఇంతే నా కోరిక. అందుకోసమే ఈ వయసులో డ్రైవింగు స్కూల్లో చేరాను. ఆ స్కూలు కారు నా చేతిలో బుద్ధిగా నడిచింది. లైసెన్సు కూడా వచ్చింది. ఇంటికొచ్చి మా కారు ఎక్కిన రోజు నుంచే నా గ్రహచారం మొదలైంది.

"స్కూలు కారుల పక్కన సారు కాళ్ల కింద గూడ బ్రేకుంటది. గందుకే నీకు భయం లేకుండె," అన్నాడు మా ఆయన. ఆయన ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మోసే డంపర్ నడుపుతాడు. మా ఇంటి కన్నా పెద్ద బండి నడిపే మనిషి చెబితే నేనెందుకు కాదంటాను?

పక్క సీట్లో కూర్చుంటే ఆయన కుడిచెయ్యి ఎప్పుడూ స్టీరింగు మీదే. "కుడికి పట్టు, కుడికి పట్టు. నీ చూపు ఎడమకున్నది. చూపు ఎటుంటె బండి అటే పోతది." నా చూపు సంగతి ఇంటికొచ్చిన చుట్టాలకు, వాడకట్టులో వాళ్లకు అందరికీ చెప్పాడు. చివరికి నాకే అనుమానం వచ్చి మంచిర్యాలలో కంటి డాక్టరు దగ్గరికి పోయాను. కళ్లు బాగున్నాయన్నాడు. ఆ సంగతి చెబితే మా ఆయన, "కండ్లు మంచిగనే ఉంటయి, చూసుడే రాదు," అని నవ్వాడు.

బొగ్గు లారీలు, కరెంటు ప్లాంటు బూడిద లారీలు పక్క నుంచి దూసుకుపోయే రోడ్డు మాది. బ్రిడ్జి ఎక్కితే ఎడమ పక్కన పిట్టగోడ, దాని కింద గోదావరి. బండి గోడ వైపు జరుగుతుంటే నేను దాన్ని కుడికి లాగి పట్టుకునేదాన్ని. బడికి చేరేసరికి భుజాలు పీకేవి. బోర్డు మీద రాయడానికి చెయ్యి లేచేది కాదు.

మా బడిలోనే పనిచేసే ఒక అక్క కొన్నాళ్లు నాతో కారులో వచ్చింది. ఒకరోజు బ్రిడ్జి మీద ఎదురుగాలి కొట్టింది. నేను అద్దం సర్దుకోవడానికి ఒక చెయ్యి తీశాను. అంతే, బండి గోడ అంచు దాకా పోయింది. అక్క అరవలేదు. సంచిని ఒళ్లోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది, అంతే. మర్నాడు ఫోను చేసి, "ఇయ్యాల నేను ఆటోల వస్త చెల్లె, నువ్వు పో," అంది. ఆ మర్నాడూ అదే మాట. అడిగితే బాగుండదని నేనూ అడగలేదు.

ఇక నేనూ ఆటో ఎక్కాను. కారు క్వార్టరు ముందు బొగ్గు దుమ్ము కప్పుకుని కూర్చుంది. "కారు పెట్టుకొని ఆటోల పోతున్నవేంది?" అని అడగని మనిషి లేదు. ఏమని చెప్పను? నాకు చేతకాదని చెప్పాలా? అదే చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఏడుపొచ్చేది.

ఒక ఆదివారం చర్చికి పోవాలని కారు కడిగాను. కడిగిన రోజు సాయంత్రానికే మళ్లీ నల్లబడుతుంది కాబట్టి మా దగ్గర టైర్ల జోలికి ఎవరూ పోరు. ఆ రోజు ఎందుకో టైర్లు కూడా గుడ్డపెట్టి తుడిచాను. మసి పోయాక టైరు పక్కన అచ్చుపోసిన సైజు అంకెలు తేలాయి. ముందు కుడి టైరు మీద ఒకటి, ముందు ఎడమ టైరు మీద ఇంకొకటి. వెనక్కి పోయి చూశాను. మూడింటి సైజు ఒక్కటే. ముందు ఎడమది మాత్రం చిన్నది. దూరం జరిగి చూస్తే బండి ఆ మూల కొంచెం కుంగి కనిపించింది. దాన్ని నేను ఏడాదిగా చూస్తూనే ఉన్నాను.

తడి గుడ్డతోనే లోపలికి పోయాను. ఆయన చాయ తాగుతున్నాడు.

"ముందు ఎడమ టైరు చిన్నది. తెలుసా?"

గ్లాసులోంచి తల ఎత్తకుండానే, "నాకెరుకే," అన్నాడు. "నిరుడు ఆ టైరు పగిలింది గద. మా దోస్తు పాత కారుది రిమ్ముతోని ఇచ్చిండు. బోల్టులు సరిపోయినయి, ఏసిన."

"మరి నా చూపు?"

"అరే, నేను నడిపితె మంచిగనే పోతది గద. జర కుడికి పట్టుకుంటె అయిపాయె."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే ఈయన డంపర్ కథ నాకు కంఠతా వచ్చు. ఒక షిఫ్టులో డంపర్ వెనక జంట టైర్లలో ఒకటి అరిగినది, ఒకటి కొత్తది బిగించారట. ఈయన చుట్టూ తిరిగి చూసి, "జంటల ఒకటి పొట్టిదుంటె బరువంత రెండోదాని మీదనే పడ్తది. బండి ఫిట్ లేదు, నేనెక్క," అని చెప్పి పోయి కూర్చున్నాడట. టైరు మార్చేదాకా లేవలేదట. అన్నం తింటూ ఎన్నిసార్లు చెప్పాడో ఆ కథ! గనిలో అంత చూసే మనిషి ఇంటికొచ్చేసరికి, భార్య ఎక్కే బండికి ఏదో ఒకటి తగిలించి, తప్పు ఆమె కళ్లమీదికి తోశాడు.

ఆ మధ్యాహ్నం డ్యూటీకి పోతూ, "దా, నన్ను కారుల దింపు. నీకూ చెయ్యి తిరుగుతది," అన్నాడు. నేను వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"బండి ఫిట్ లేదు. నేనెక్క."

నవ్వబోయి ఆగిపోయాడు. దోస్తు బైకు వెనక కూర్చుని పోయాడు. తర్వాత సెలవు రోజున ముందు రెండింటికీ సరైన సైజు టైర్లు వేయించుకొచ్చాడు. తప్పయిందనే మాట మాత్రం ఆయన నోట్లోంచి రాలేదు.

ఆ రోజే బ్రిడ్జి వైపు ఇద్దరం పోయాం. నేనే నడిపాను. బ్రిడ్జి ఎక్కగానే బండి కుడికి జరిగింది. దాటిపోతున్న లారీవాడు చెవులు పగిలేలా హారను కొట్టాడు. పక్క నుంచి ఆయన చెయ్యి ఎప్పటిలాగే స్టీరింగు మీదికి వచ్చేసింది.

"జూసినవా? ఇప్పుడు టైర్లన్నీ ఒక్కటే. మరి గిదేంది?"

"కుడికి లాగడం నీ టైరు నేర్పిన అలవాటే. ముందు నీ చెయ్యి తియ్యి."

తీశాడు. నేను పట్టు వదులు చేశాను. బండి నేరుగా పోయింది. ఆయన గోదావరి వైపు చూస్తూ కూర్చున్నాడు. నా కోపం మాత్రం అవతలి ఒడ్డుకు చేరినా దిగలేదు.

సోమవారం అక్క ఆటో కోసం నిలబడ్డ చోట కారు ఆపాను. టైరు కథంతా చెప్పాను. "అట్లనా," అంది. నమ్మిందో లేదో గానీ, నామీది జాలితో ఎక్కింది. ఇప్పుడు రోజూ నాతోనే వస్తోంది. బండి గీత గీసినట్టు పోతుంది. అయినా బ్రిడ్జి రాగానే ఆమె మాట ఆపేసి, సంచిని ఒళ్లోకి లాక్కుని గట్టిగా పట్టుకుంటుంది.