గురువారం పులిహోర

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇంగ్లిష్ ధారాళంగా వచ్చింది నాకొక్కదానికే, ఆ సంగతి నాకు బాగా తలకెక్కింది. మేము అమెరికాలోని షామ్‌బర్గ్ వచ్చి అప్పటికి రెండేళ్ళు. నాకు పదకొండేళ్ళు. నాన్న ఆఫీసుకి వెళ్ళిపోతే, షాపులో అమ్మకి ఏం కావాలన్నా నేనే అడగాలి, స్కూలు నుంచి ఏ ఉత్తరం వచ్చినా నేనే చదివి చెప్పాలి. ఆ ఉత్తరాల్లో నాకు చిక్కు తెచ్చే ముక్కేదైనా ఉంటే దాన్ని మెల్లగా దాటేసి మిగతాది చదివేదాన్ని. ఎవరికీ తెలిసేది కాదు. అలా పెద్దవాళ్ళ మధ్య నిలబడి, మాటల్ని నాకు వీలుగా మార్చి చెప్పడం అలవాటైపోయింది. అబద్ధమాడుతున్నానని నాకు ఎప్పుడూ అనిపించలేదు, సర్దుతున్నాననే అనుకునేదాన్ని.

పక్కింట్లో ఒక అక్క ఉండేది. కొత్తగా పెళ్ళయి ఇండియా నుంచి వచ్చింది. వాళ్ళాయన డాక్టరు, ఇంకా ట్రైనింగ్‌లోనే ఉన్నాడు. ఒకసారి హాస్పిటల్‌కి వెళితే మర్నాటికి గానీ ఇల్లు చేరేవాడు కాదు. అక్కకి డ్రైవింగ్ రాదు. ఇంగ్లిష్ చదవగలదు గానీ ఇక్కడివాళ్ళు గబగబా మాట్లాడితే ఒక్క ముక్క అందేది కాదు. పొద్దుట నుంచి సాయంత్రం దాకా కిటికీ దగ్గర కూర్చుని పార్కింగ్ లాట్‌లోకి ఏ కారు ఎప్పుడొస్తుందో కంఠతా పట్టేశానని నవ్వుతూ చెప్పేది. నవ్వుతూ చెప్పింది కదాని నేనూ నవ్వేదాన్ని.

మా ఎదురింట్లో ఒక తెల్లజుట్టు అమెరికన్ పెద్దావిడ ఉండేది. ఆవిడ ఒక సేవా క్లబ్బులో మెంబరు. ఆ క్లబ్బువాళ్ళు ప్రతి గురువారం సాయంత్రం దగ్గర్లో ఉన్న చర్చి బేస్‌మెంట్‌లో కలిసేవారు. ముందు ఒక అరగంట మీటింగు. గంట కొట్టి, హాజరు వేసుకుని, ఆ వారం ఏ ముసలాయన వాకిట్లో మంచు తీశారో, ఎవరిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారో చెప్పుకునేవారు. తర్వాత అదే హాల్లో బల్లలు వేసి, ఇంట్లో జరుగుబాటు లేనివాళ్ళకీ ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకీ వేడివేడి భోజనం పెట్టేవారు. మెంబర్లు తలా ఒక వంటకం చేసి తెచ్చేవారు. ఒకరోజు పెద్దావిడ అక్క తలుపు తట్టి, నువ్వు కూడా మాతో రాకూడదా అని అడిగింది. నేనే పక్కన నిలబడి తెలుగులో చెప్పాను. అక్క ఎన్నిసార్లు తలూపిందో లెక్క లేదు.

ఏం వండాలా అని వారమంతా ఆలోచించి, చివరికి పులిహోర దగ్గర ఆగింది. పదిమందికి పెట్టాలంటే పులిహోరకి మించింది లేదని, చల్లారినా బాగుంటుందని మా అమ్మతో అంది. ఆ గురువారం పెద్దావిడ కార్‌లో ముగ్గురం వెళ్ళాం. అక్కకి లోపల వంటగదిలో గిన్నెలు కడిగే పని ఇచ్చారు. నన్ను వడ్డించే బల్ల దగ్గర, పులిహోర ట్రే వెనకాల నిలబెట్టారు. నా పక్కన బంగాళాదుంప ముద్ద వడ్డిస్తున్నది మా క్లాసు పిల్ల. వాళ్ళమ్మ కూడా ఆ క్లబ్బులో మెంబరేనట.

ఆ పిల్ల ట్రేలోకి తొంగి చూసి, అన్నం ఇలా పచ్చగా ఎందుకుంది, ఆ ఆకులేమిటి అని అడిగి, ముక్కు కొంచెం ముడిచింది. అంతే. నిజం చెప్పాలంటే అందులో ఏ కల్మషమూ లేదు. కానీ స్కూల్లో నా డబ్బా తెరిస్తే చుట్టూ ఉన్నవాళ్ళు జరిగి కూర్చున్న రోజులు నాకు గుర్తున్నాయి. పెరుగన్నం మానేసి రొట్టె ముక్కలకి మారి, నా తిండి ఊసు ఎవరూ ఎత్తకుండా ఎంతో కష్టపడి నెట్టుకొస్తున్నాను. నేను ట్రే మీద మూత పెట్టేసి, బన్నుల బుట్ట వెనక్కి తోసేశాను. వచ్చినవాళ్ళకి బన్నులు వడ్డించాను. కళ్ళకి కనబడని దాన్ని ఎవరడుగుతారు?

అందరూ తిని వెళ్ళాక, వెనక తలుపు తీసుకుని వెళ్ళి, పులిహోరంతా చెత్తడబ్బాలో బోర్లించాను. ఖాళీ ట్రే తెచ్చి సింకులో పెట్టాను. అక్క చేతుల నిండా సబ్బు నురగ. అయిపోయిందా అని అడిగింది.

"అయిపోయిందక్కా. ఇంకా కావాలని అడిగారు," అన్నాను.

ఆ రెండో మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఎవరూ అడగలేదు నన్ను. మొదటి మాటతో ఊరుకుని ఉంటే ఆ గొడవ అక్కడితో సరిపోయేదేమో. ఆ రెండో మాట పట్టుకుని అక్క పైవారం రెండింతలు వండింది.

అప్పట్లో మాకు దగ్గర్లో ఇండియన్ షాపులు లేవు. అక్క దగ్గరున్న చింతపండు వాళ్ళమ్మ గింజ తీసి, ఉప్పు వేసి, ముద్దలు చేసి ఇండియా నుంచి పంపింది. అది గురువారానికి ఉండాలని, ఇంట్లో వాళ్ళాయనకి చారు నిమ్మకాయ పిండి పెడుతున్నానని మా అమ్మతో చెప్పింది. ఒక సాయంత్రం మా ఇంట్లో కూర్చుని వాళ్ళమ్మకి రాసిన ఉత్తరం చదివి వినిపించింది. ఇక్కడి అమెరికావాళ్ళు నా పులిహోర కోసం గురువారం దాకా ఎదురు చూస్తున్నారమ్మా అని రాసింది. పక్క గదిలో హోమ్‌వర్క్ చేసుకుంటూ నేను అదంతా విన్నాను. ఇక చాలు, చెప్పేద్దామనుకున్నాను. గురువారం వచ్చేసరికి ఆ పిల్ల మళ్ళీ నా పక్కనే నిలబడింది. మళ్ళీ మూత పెట్టాను. అలా ఐదు వారాలు చేశాను.

ఆరో గురువారం మీటింగులో క్లబ్బు ప్రెసిడెంటు లేచాడు. రిటైరైన స్కూలు మాస్టరు, గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. కొన్ని వారాలుగా వెనక చెత్తడబ్బాలో పచ్చటి అన్నం గుట్టలుగా కనబడుతోందని చర్చిలో ఊడ్చే అతను వచ్చి చెప్పాడని, ఆకలితో వచ్చినవాళ్ళకి భోజనం పెట్టే చోట అన్నం పారేయడం బాగాలేదని అన్నాడు. నావైపు తిరిగి, ఏం జరుగుతోందో ఆవిడని దయచేసి అడిగి చెప్పమన్నాడు. అందరూ అక్క వైపే చూస్తున్నారు. తన గురించే మాట్లాడుతున్నారని అక్కకీ అర్థమైంది. కోటు కింద పమిట సర్దుకుని, ప్రైజు ఇవ్వడానికి పిలుస్తారని కూర్చున్న పిల్లలా నవ్వు మొహంతో నన్ను చూసింది.

"ఏమంటున్నారే?"

"నీ పులిహోర చాలా బాగుందంటున్నారక్కా."

అక్క లేచి నిలబడింది. ఎన్నాళ్ళ నుంచి బట్టీ పట్టిందో, ఎక్కడా తడుముకోకుండా, "థాంక్యూ వెరీ మచ్. నెక్స్ట్ వీక్ ఐ విల్ బ్రింగ్ మోర్," అంది. దణ్ణం కూడా పెట్టింది.

ప్రెసిడెంటు చేతిలో కాగితం వైపు చూసుకున్నాడు. అక్క నవ్వు మెల్లగా సడలింది. ఎదురింటి పెద్దావిడ లేచి, అక్క చెయ్యి పట్టుకుని, నన్నూ రమ్మని సైగ చేసి, వెనక తలుపు గుండా బయటికి తీసుకెళ్ళింది. చూపించడానికని ఊడ్చే అతను పోయినవారం సంచీ ఒకటి పక్కన పెట్టి ఉంచాడు. పెద్దావిడ దాని ముడి విప్పింది. చలికి గడ్డ కట్టుకుపోయిన పులిహోర, అందులో వేరుశనగ పలుకులు, కరివేపాకు, ఎండుమిరపకాయలు. పెద్దావిడ అక్కని చూడటం లేదు, నన్ను చూస్తోంది. కాసేపటికి అక్క కూడా నన్నే చూసింది.

"ఎవరూ తినలేదా?"

"తెలీదక్కా."

"తెలీకపోవడమేమిటి?"

"నేను పెట్టలేదు," అన్నాను.

మా అమ్మయితే అక్కడే నా వీపు విమానం మోత మోగించేది. అక్క చెయ్యెత్తలేదు. కోటు చేతితో కళ్ళు ఒక్కసారి తుడుచుకుంది. వంగి ఆ సంచీకి తనే మళ్ళీ ముడి వేసింది. పద అని లోపలికి నడిచింది.

తన కుర్చీ దగ్గరికి వెళ్ళి నిలబడి, నాతో తెలుగులో నెమ్మదిగా అంది. "చెప్పు వాళ్ళకి. నేనే లెక్క తెలీక ఎక్కువ వండేశాను. మిగిలింది ఇంటికి తీసుకెళ్ళడానికి సిగ్గేసి నేనే పారేశాను. అన్నం పారేయడం తప్పేనని, క్షమించమన్నానని చెప్పు."

నేను వాళ్ళ వైపు తిరగలేదు. "చెప్పవే," అంది, ఇంకా మెల్లగా.

చెప్పాను. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తీసెయ్యలేదు. ఆ హాల్లో అక్క మాటని నేను ఉన్నదున్నట్టు చెప్పింది అప్పుడే, ఆ మాటేమో నా కోసం ఆవిడ ఆడిన అబద్ధం. దాని వెనకాల నేను ఇంకొక్క మాట అంటే చాలు, అంతా సరయ్యేది. కాదు, పారేసింది నేను, ఆవిడకి ఏమీ తెలీదు అని. మా క్లాసు పిల్ల నావైపే చూస్తోంది. నేను కూర్చున్నాను.

ప్రెసిడెంటు మంచివాడు. ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి, బాధపడొద్దన్నాడు. ఇకనుంచి వండే శ్రమ పెట్టుకోకుండా పేపర్ ప్లేట్లు, నాప్‌కిన్లు తెస్తే చాలునన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు హమ్మయ్య అన్నట్టు తలూపారు. అదీ చెప్పాను అక్కకి. ఓకే అంది.

ఆ రోజు తెచ్చిన ట్రే ఇంకా బల్ల మీదే ఉంది. అక్క ఎవరినీ అడక్కుండా వెళ్ళి మూత తీసి, గరిటె పట్టుకుని నిలబడింది. నన్ను పక్కన నిలబెట్టుకుంది. "ఒక్కొక్కళ్ళనీ అడుగు, పెట్టమంటారా అని. వద్దంటే వద్దంటారు. ఆ వద్దనేది వాళ్ళే చెప్పాలి గానీ, వాళ్ళ తరఫున నువ్వు చెప్పకూడదు."

అడిగాను. చాలామంది వద్దన్నారు. మొదటి నలుగురైదుగురు వద్దన్నప్పుడు నా చెవులు వేడెక్కిపోయాయి. తర్వాత అంత అనిపించలేదు. పనిబట్టలతో వచ్చిన ఒకాయన వాసన చూసి ప్లేటు చాచాడు. ఒక ముసలావిడ తిన్నాక మళ్ళీ వచ్చి, ఈ పులుపు దేనిదని అడిగి ఇంకో గరిటె పెట్టించుకుంది. ఓ పదిమంది తిన్నారేమో. మా క్లాసు పిల్ల కూడా ఒక చెంచాడు తిని, కారం అని రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. మర్నాడు స్కూల్లో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. నేను దేనికి భయపడి ఐదు వారాలు ఆ పని చేశానో, అది అసలు జరగనే లేదు.

మిగిలిన పులిహోర అక్క ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. మా గుమ్మం దగ్గర ఆగి, "పిన్నిగారూ, ఇవాళ కాస్త మిగిలిందండీ," అని అమ్మకి ఇచ్చింది. నా గురించి ఒక్క మాట చెప్పలేదు. అన్నాల దగ్గర అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఇంత బాగుంటే ఎలా మిగిలిందే అని నన్నడిగింది. నాకు ఆకలిగా లేదన్నాను. జ్వరమేమోనని అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

అక్క ఆ చలికాలమంతా క్లబ్బుకి వస్తూనే ఉంది. ప్లేట్ల కట్టలు తెచ్చేది, గిన్నెలు కడిగేది. కానీ వారమంతా ఏం వండాలా అని ఆలోచించుకుంటూ మా ఇంటికి పరిగెత్తుకు రావడం మానేసింది. మళ్ళీ కిటికీ దగ్గర కనబడేది. ఎండాకాలంలో వాళ్ళాయనకి వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయారు.

నాకు నలభై దాటాక ఒక పెళ్ళిలో అక్క కనబడింది. జుట్టు నెరిసింది గానీ చూడగానే నన్ను గుర్తుపట్టింది. కోడలిని పిలిచి, "నేను అమెరికా వచ్చిన కొత్తలో నా మాటలన్నీ ఈ పిల్లే చెప్పి పెట్టేది," అని నా చెంప నిమిరింది. అందులో ఎత్తిపొడుపు ఏమైనా ఉందా అని వెతుక్కున్నాను. లేదు. అన్నేళ్ళ నుంచి అనుకుంటున్న మాట నాలుక చివరనే ఉంది. బాగున్నావా అక్కా అని అడిగాను. ఫోటోకి రమ్మని ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాను. రెండేళ్ళ క్రితం అక్క పోయిందని తెలిసింది.

ఇప్పుడు నేను రిటైరయ్యాను. వారానికోసారి ఒక ఫ్రీ క్లినిక్‌కి వాలంటీరుగా వెళ్ళి, పిల్లల దగ్గరికి వచ్చిన తెలుగు పెద్దవాళ్ళకి డాక్టరు చెప్పింది తెలుగులో చెబుతాను. వాళ్ళు చెప్పింది డాక్టరుకి చెబుతాను. మంచి మాటైనా, వినలేని మాటైనా నేను మార్చను. మా అమ్మకి అలా చెప్పొద్దండీ, కాస్త తగ్గించి చెప్పండీ అని పిల్లలు నన్ను పక్కకి పిలిచి బతిమాలతారు. కోప్పడినవాళ్ళూ ఉన్నారు. అయినా మార్చను. నిక్కచ్చి మనిషినని అక్కడ నాకు పేరు. ఎవరైనా అలా అంటే సిగ్గుతో తల ఎత్తలేను. ఆ రోజు ఆ హాల్లో ఇంగ్లిష్‌లో అనాల్సిన ఒక్క మాట నేను అనలేదు. ఆ పెళ్ళిలో అక్కకి తెలుగులోనైనా చెప్పి ఉండాల్సింది. అదీ చెప్పలేదు.