ఇస్తానంటే తీసుకునేవాళ్లు లేరు

మా మామకు చెవులు పోతున్నాయని ముందుగా కనిపెట్టింది మా బర్రె. కుడితి వేళకు అది గుంజ దగ్గర నిలబడి అరిస్తే, పక్కనే మంచం మీద కూర్చున్న మనిషి తల కూడా తిప్పలేదు. అంతకుముందు అది కాలు కదిపినా లేచేవాడు. మనుషులం మేమేమో ఆయనకు మా మీద కోపమొచ్చి పలకడం లేదనుకున్నాం. నేనైతే ఉప్పు ఎక్కువైందేమోనని కూర మార్చి కూడా చూశాను.

దవాఖానలో చెవుల డాక్టరు చూసి, నరం ఎండిపోతోంది, మిషన్ పెట్టినా అది కొన్నాళ్ల ముచ్చటే అన్నాడు. ఆ మాట మామకు చెప్పొద్దనుకున్నాం. కొల్లాపూర్ బస్సులో కూర్చున్నాక ఆయనే ఎత్తాడు.

"బిడ్డా, డాక్టరు పెదవులు చూసిన. ఇగ ఎక్కువ రోజుల్లెవ్వు అన్నడు గదా. నాకు గాదులే, చెవులకు."

నేను కిటికీ వైపు తిరిగాను. అప్పుడే అడిగాడు, ఆ కోరిక.

మామ తన వయసులో బాగోతం ఆడేవాడు. ఆడవేషం. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికే మానేశాడు కాబట్టి నేను చూడలేదు. "నా కంటె ఆయనకే చీర మంచిగ కుదురుతుండె" అని మా అత్త బతికున్నన్నాళ్లూ చెప్పేది. అమ్రాబాద్ దిక్కు ఒక ఊళ్లో తెల్లవార్లూ ఆడినప్పుడు పట్నం నుంచి ఒకాయన పెద్ద టేపు మిషన్ తెచ్చి మొత్తం ఎక్కించుకుని పోయాడట. అది ఎక్కడైనా దొరికితే వినాలి. అదే మామ కోరిక.

"ఆడినోనికి తన గొంతు ఏడ వినవడ్తది బిడ్డా? హార్మోని వినవడ్తది, ముందల కూసున్నోడు దగ్గుడు వినవడ్తది. నా గొంతు ఎట్లుంటుండెనో ఊరందరికీ ఎరుక. నాకే ఎరుక లేదు."

నా బిడ్డ మహబూబ్‌నగర్‌లో కంప్యూటర్ నౌకరీ చేస్తుంది. తాత మాట విని తను వెతికింది. పాత బాగోతాలు, బుర్రకథలు, రేడియో నాటకాలు దాచుకునే పిచ్చి ఉన్నవాళ్లంతా కలిసి పెట్టుకున్న సైటు ఒకటి ఉందట. బయటివాళ్లకు తలుపు తియ్యరు. లోపల ఉన్నవాళ్లెవరైనా రమ్మనాలి. దాని ఆఫీసు దోస్తు ఎవరో రమ్మంటే, నా పేరు మీద ఖాతా తెరిచి, తన పాత కంప్యూటర్ తెచ్చి మా నడింట్లో పెట్టింది. ఆ సైటులో మామ వాళ్ల బాగోతం ఉంది. నాలుగు ముక్కలుగా ఉంది. టేపు మీద ఎట్లా ఉందో అట్లాగే, ఏమీ కుదించకుండా పెట్టారు కాబట్టి ఒక్కో ముక్క జొన్నల బస్తా అంత బరువు.

"అమ్మా, ఈడ పైసలుండయి. నువ్వు ఎంత దించుకుంటే అంత వేరేటోళ్లకు పోవాలె. ఆ లెక్కనే రేషియో అంటరు. అగో, పైన మూలకున్న అంకె అదే. ఒకటి ఉంటే తీసుకున్నంత ఇచ్చినట్టు. బాగ కిందికి పడితే ఇంక దించుకోనియ్యరు."

"ఇస్త. అండ్ల ఏమున్నది. ఎవరికియ్యాలె?"

"నువ్వు పోయి ఇచ్చుడు గాదు. వాళ్లొచ్చి తీసుకోవాలె. కంప్యూటర్ నడుస్తనే ఉండాలె. దించుకున్నది తీసెయ్యొద్దు. ఎవరికన్న కావాలంటే నీ దగ్గర్నుంచి పోతది."

"ఎవ్వలు రాకపోతే?"

బిడ్డ బస్సు టైమైందని లేచింది. నేను ఐదో తరగతితో బడి మానినదాన్ని. అయినా ఆ నియమం నాకు కొత్తగా అనిపించలేదు. మా దిక్కు పక్కింటి నుంచి గిన్నెలో కూర వస్తే ఉత్త గిన్నె తిరిగి పంపం. ఏమీ లేకుంటే నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసి పంపుతాం. సైటు పెట్టినవాళ్లెవరో మంచి ఇంట్లో పెరిగినవాళ్లే అనుకున్నాను.

మొదటి ముక్క, రెండో ముక్క దించుకున్నాం. మామ చెవి మిషన్ పెట్టుకుని, స్పీకర్ ఒళ్లో పెట్టుకుని విన్నాడు. "గీ మద్దెల మా పాలోడు. తాగి కొడుతున్నడు సూడు." "గిప్పుడు నవ్వినోడు ఊరి పట్వారి." ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచాడు. అందులో బతికున్నవాళ్లు లేరు. తన వేషం మాత్రం ఇంకా రాలేదు.

"నేనొచ్చేది మూడో దాంట్ల. జర ఓపిక వట్టు. ఆడిది తయారు గావాలంటే ఆలస్యమైతది గదా" అన్నాడు.

మూడోది నొక్కితే రాలేదు. అంకె సున్నా దాకా దిగి, పక్కన చుక్క పెట్టి, ఆ తర్వాత ఏవో చిల్లర అంకెలు చూపించింది. తలుపు పడిపోయింది.

సరే, ఇద్దామని కూర్చున్నాను. కంప్యూటర్ బంద్ చెయ్యకుండా వదిలాను. మా ఇంటాయనకు అది కంట్లో నలుసైంది. రాష్ట్రం వచ్చినంక కరెంటు పోవడం తగ్గింది కానీ కరెంటంటే ఆయనకున్న భయం తగ్గలేదు. మబ్బు పట్టిందంటే చాలు, మెయిన్ గుంజేస్తాడు.

"ఎవలు చూడని మిషన్ ఎందుకు తిరుగుతాందే?"

"అది పని చేస్తాంది."

"ఏం పని?"

"ఎవలన్న వస్తరేమోనని చూస్తాంది."

"గా పని మా నాయిన గూడ చేస్తడు అరుగు మీద కూసోని. ఆయనకు కరెంటు అక్కర లేదు."

ఆయన మెయిన్ తీయడం, నేను మళ్లీ వేయడం. వానాకాలమంతా ఇదే గొడవ. పోనీ, నడిచినంత సేపైనా ఎవరైనా వచ్చారా అంటే రాలేదు. బిడ్డను ఫోన్లో అడిగితే చెప్పింది. పట్నాల్లో పెద్ద లైన్లు ఉన్నవాళ్లు ఇదే బాగోతాన్ని పెట్టుకుని కూర్చున్నారట. ఎవరికైనా కావాలంటే వాళ్ల దగ్గర్నుంచి గబగబా పోతుందట. మా ఊరి లైను చెయ్యి ఎత్తేలోపు వడ్డన అయిపోతుంది.

మీరు ఎప్పుడైనా తినేవాళ్లకంటే వడ్డించేవాళ్లు ఎక్కువున్న పెళ్లికి పోయారా? నేను ఆ వానాకాలమంతా గరిటె పట్టుకుని అట్లా నిలబడ్డాను. తీసుకోవడం తప్పని ఎవరూ అనలేదు. ఇస్తాననీ అంటున్నాను. ఇవ్వలేదన్న మాట మాత్రం నా మీదే పడింది. పొద్దున లేచి వాకిలి ఊడ్చి, చీపురు చేతిలో ఉండగానే పోయి ఆ అంకె చూసేదాన్ని. కదిలేది కాదు. ఇటు మామ, "టీవీల మాటలన్నీ నోట్లె గుడ్డ వెట్టుకోని మాట్లాడినట్టున్నయి" అనడం మొదలుపెట్టాడు.

దారి చూపింది మా తోటికోడలు, నేను చెల్లె అని పిలిచే మనిషి. గోడకు అవతలిల్లు వాళ్లదే. ఇంటర్నెట్ వైరు ఒకటే తెప్పించుకుని రెండిళ్లకూ వాడుకుంటాం.

"అక్కా, నాట్లకు కూలోళ్లు దొరక్కపోతే ఏం జేస్తం? నీ మడిల నేను దిగుత, నా మడిల నువ్వు దిగుతవ్. గిది గూడ గట్లనే చేద్దాం. నన్ను అండ్ల చేర్చు. నీది నేను తీసుకుంట. రేపు నాది నువ్వు తీసుకో."

నాకు ఇంతకాలం ఎందుకు తట్టలేదా అనిపించింది. మా దిక్కు దీన్ని బదులు కూలి అంటారు. చేతిలో పైసా లేకుండా మా ఊరి పొలాలు సగం అట్లాగే పచ్చబడ్డాయి. బిడ్డను అడిగితే, "ఇంకొకరిని చేర్చొచ్చట" అని ఫోన్లోనే తోటికోడలికీ ఖాతా తెరిచింది. ఎందుకని అది అడగలేదు, మేం చెప్పలేదు. కొత్తగా చేరినవాళ్లను కొంత దూరం ఊరికే తీసుకోనిస్తారు. చెల్లె గోడ అవతల కూర్చుని నా రెండు ముక్కలూ తీసుకుంది. పక్కనే కదా, పట్నం వాళ్లు లేచేలోపే నా దగ్గర్నుంచి జరజరా పోయాయి. మధ్యాహ్నానికి నా అంకె నిండు గర్భిణిలా ఉంది. తలుపు తెరుచుకుంది. మూడో ముక్క దిగడం మొదలైంది.

చెల్లె గోడ మీంచి తొంగిచూసి, "అక్కా, ఇగ నా మడి యాది మరువకు" అంది.

మూడోది సగం దిగి ఆగిపోయింది. సైటు పెద్దమనిషి దగ్గర్నుంచి ఒక ముక్క రాత వచ్చింది. ఒకే లైను మీద రెండు ఖాతాలు తెరిచి ఒకరి దగ్గర ఒకరు తీసుకోవడం మోసం కిందికి వస్తుంది కాబట్టి, రెండోది మూసేశాం, మొదటిదానికి పెరిగిన లెక్క కొట్టేశాం అని. పైన మూలన మళ్లీ ఆ సున్నా, ఆ చుక్క.

మోసం అన్న మాట దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. ఒంటి వేలుతో టైపు కొట్టి జవాబు రాశాను. "అయ్యా, మేం మోసం చెయ్యలేదు. ఆమె నాకు తోటికోడలు. నాట్లప్పుడు ఆమె నా పొలంలో, నేను ఆమె పొలంలో పని చేస్తాం. దాన్ని మా ఊళ్లో ఎవరూ మోసం అనరు. మా మామకు చెవులు పోతున్నాయి. మిగిలిన సగం ఇవ్వండి, తర్వాత ఎంత ఇవ్వమంటే అంత ఇస్తాను."

ఆయన మర్యాదగానే రాశాడు. "అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ ఇంట్లో ఇంట్లో తిప్పుకుంటే బయటివాళ్లకు చేరిందేమీ లేదు. ఒక్కరికి సడలిస్తే అందరూ అడుగుతారు. ఇంకెవరి దగ్గరా లేని పాట ఏదైనా మీ దగ్గర ఉంటే పెట్టండి. అందరూ మీ దగ్గరికే వస్తారు." తిట్టేవాడైతే తిరిగి తిట్టేదాన్ని. ఇంత మంచిగా మాట్లాడేవాడి మీద కోపం ఎట్లా తీర్చుకోవాలో తెలియక ఆ పూట బోళ్లు తోముతూ ఒక సత్తు గిన్నెకు సొట్ట పెట్టాను.

నా దగ్గర మాత్రమే ఉన్నది ఏముంది? మా అవ్వ ఇసుర్రాయి తిప్పుతూ పాడిన పాటలున్నాయి. ఒక్క చరణం కూడా మర్చిపోలేదు. బర్రెల కొట్టం వెనక కూర్చుని ఫోన్లో పాడి పంపిస్తే, బిడ్డ సైటులో పెట్టింది. ఆశ్చర్యం, వచ్చారు. రోజూ ఎవరో ఒకరు తీసుకున్నారు. "అమ్మా, మా నానమ్మ గుర్తొచ్చింది" అని ఒకరు, "ఇంకా ఉంటే పెట్టండి" అని ఒకరు రాశారు. నేను ఇంకా పాడాను. గొంతు బొంగురుపోయేదాకా పాడాను. ఇప్పుడు నా గరిటె ముందు పంక్తి కూర్చుంది కదా అని అంకె చూస్తే, అదే సున్నా, అదే చుక్క. చివరి చిల్లర ఒక్కటి మారిందేమో.

"బిడ్డా, గింత మంది తీసుకున్నరు, ఎందుకు లేస్తలేదు?"

"అమ్మా, వాళ్లు మందిని లెక్కపెట్టరు, బరువు లెక్కపెడ్తరు. నువ్వు ఫోన్ల పాడినవ్. నీ పాట దూదిపింజ. తాత బాగోతం బండరాయి. ఊరంత తీసుకున్నా దాని అంచు గూడ లేవది."

అవ్వ పాటలకు బరువు లేదని నాతో అన్న మొదటి మనిషి నా కన్నబిడ్డే. అది సైటు లెక్కే చెప్పింది, నాకు తెలుసు. అయినా ఆ పొద్దు దానితో సరిగ్గా మాట్లాడలేదు.

చలికాలం మొదలయ్యేసరికి మామతో మాట్లాడాలంటే దగ్గరికి పోయి చెవిలో అరవాల్సి వచ్చింది. ఇంకా ఆగితే ఏమీ మిగలదనిపించి, ఒక మధ్యాహ్నం ఆ సగం ముక్కనే పెట్టాను. ఇటువంటివి మొదటి నుంచి వరసగా దిగవట. అక్కడొక తునక, ఇక్కడొక తునక దిగుతాయట. దిగని చోట ఏమీ ఉండదు. ఇవన్నీ బిడ్డ నాకు ముందే చెప్పింది. మామకు చెప్పాలన్న ఆలోచన నాకు రాలేదు.

స్పీకర్ పూర్తిగా పెంచాను. మద్దెల వచ్చింది, తాళం వచ్చింది, తెర వెనక నుంచి సన్నగా, తీగలాగినట్టు ఒక గొంతు లేచింది. నేను ఆడదాని గొంతే అనుకున్నాను. మామ చెయ్యెత్తి నన్ను కదలొద్దన్నాడు. రెండో మాట దగ్గర గొంతు ఆగిపోయింది. మద్దెల కూడా లేదు. మామ చెవి మిషన్ తట్టాడు. తీసి ఊదాడు. నేను బాటరీ మార్చాను. పెట్టుకోగానే గొంతు ఎక్కడో పాట నడుమ నుంచి వచ్చింది, అట్లాగే పోయింది.

"పాయె బిడ్డా. ఆగి ఆగి వస్తాంది. నరం తెగిపోతున్నట్టుంది."

"నీ చెవి గాదు మామా. పాటనే లేదు అక్కడ. సగమే వచ్చింది" అని ఆయన చెవిలో అరిచాను.

"లేకుంటెట్ల? నేను పాడిన గదా అక్కడ."

ఎట్లా చెప్పాలో తోచక, పొలం నుంచి అప్పుడే వచ్చిన మా ఇంటాయనను చెయ్యి పట్టి లాక్కొచ్చాను. ఆయన స్పీకర్‌కు చెవి ఆనించి విని, తండ్రికి ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ తిప్పి చూపించాడు. నాకూ ఏమీ వినబడతలేదు నాయినా, అని.

మామ, కొడుకు మొహంలోకి చూశాడు. తర్వాత మిషన్ తీసి, తుడిచి, కొడుకు చేతిలో పెట్టాడు.

"నీకు గూడ షురువైందా రా. ఇది నువ్వే వెట్టుకో."