ఆంటీ గొలుసుకి పిన్నీసులు

సింగపూరులోని క్లెమెంటిలో నేను అద్దెకున్న ఇంటి ఆంటీది గోదావరి జిల్లా. ఆవిడ మంగళసూత్రం గొలుసుకి ఎప్పుడూ నాలుగు పిన్నీసులు వేలాడుతుండేవి. అన్నం తిన్నాక అందులోంచి ఒకటి తీసి, చిగుళ్లు నెత్తురోడేదాకా పళ్లు కుట్టుకునేది. వద్దంటే, "మా అమ్మ కూడా ఇలాగే చేసేదే, ఏమైంది?" అనేది.

ఓసారి నెలరోజులైనా ఆవిడకి జ్వరం తగ్గలేదు. ఆస్పత్రిలో డాక్టరు ఇంగ్లీషులో అసలు సంగతి చెప్పారు. నోట్లో ఉండే ఏదో అరుదైన బాక్టీరియా, చిగుళ్ల గాయంలోంచి నెత్తుట్లో కలిసి, గుండె వాల్వుని తినేస్తోందట! ఆపరేషన్ తప్పదట. ఆంటీకి అంతా తెలుగులో చెప్పాను.

ఆవిడ శ్రద్ధగా విని, నర్సు గొలుసు తీసేసిన మెడ తడుముకుంది.

"సరేలే అమ్మాయ్. నీ చున్నీకున్న పిన్నీసు ఓసారి ఇలా ఇవ్వు. పంట్లో ఏదో ఇరుక్కుంది."