సార్జెంటు నిద్రపోయిన తెరచాప

లిజెనేకు రెండు విద్యలు వచ్చు. ఒకటి మొగలాకుతో చాప అల్లడం, రెండోది ఎదుటివాడి పరువు తీయడం. మొదటిది తల్లి నేర్పింది. రెండోది ఎవరూ నేర్పకుండానే వచ్చిందని ఆమె మేనమామ లోకెజాక్ అంటుండేవాడు. ఆ ముసలాయన మెచ్చుకోలు ఎరగడు. పడవ నడపడంలో మార్షల్ దీవుల్లోనే పేరున్న మనిషి. పడవ చెక్కకు ఆనిన వీపుకు అలల ఒరిపిడి తెలిస్తే చాలు, కళ్లు మూసుకుని దారి చెప్పేవాడు. మేనకోడలి చాపను మాత్రం ఎప్పుడు చూసినా, "మీ అమ్మ ఇంకా బిగువుగా అల్లేది" అని పెదవి విరిచేవాడు.

మా లంక మరీ చిన్నది. ఈ ఒడ్డున తుమ్మితే ఆ ఒడ్డున చిరంజీవ అనొచ్చు. ఇలాంటి లంకలు దండలా చుట్టూ ఉంటాయి, మధ్యన మడుగు, బయట మహాసముద్రం. దండలోకెల్లా పెద్ద దీవిలో జపాను సైన్యం తిష్ట వేసింది.

యుద్ధం ముదిరిన ఆ ఏడు అమెరికా ఓడలు వచ్చాయి. క్వాజలీన్ దీవిలో దిగినప్పుడు ఫిరంగుల మోత మాదాకా వినిపించింది. అక్కడ నిలబడ్డ కొబ్బరిచెట్టు ఒక్కటీ మిగల్లేదట. పగడపు గట్టు మీదికి ఇనుప బళ్లు తాబేళ్లలా పాకుతూ ఎక్కాయట. మజురో దీవిని మాత్రం దాదాపు తుపాకీ పేలకుండానే పట్టుకున్నారు. మా దగ్గరికొచ్చేసరికి వాళ్లు దిగలేదు. బయట సముద్రంలో కాపు కాసి, పెద్ద దీవికి తిండి రాకుండా చేశారు. ఆకలిగొన్న సైన్యం కంటే చెడ్డది లేదు. జపాను సిపాయిలు చిన్న లంకల జనాన్ని ఒక్కొక్క లంక చొప్పున పెద్ద దీవికి తోలుకుపోవడం మొదలుపెట్టారు. పోయినవాళ్లు మళ్లీ కనపడలేదు. కందకాలు తవ్వడానికి వెళ్లిన లిజెనే తమ్ముడూ రాలేదు.

ఒక సాయంత్రం మజురో మనిషొకడు, అమెరికా వాళ్ల పొట్టి లాగు తొడుక్కుని, రబ్బరు పడవలో వచ్చాడు.

"పున్నమి మర్నాడు తెల్లారేసరికి మడుగులోంచి సముద్రంలోకి పోయే గండి బయట మీకోసం ఓడ నిలబడుతుంది. ఇక్కడి ఫిరంగి అందనంత దూరంలో. అక్కడిదాకా మీరే రావాలి" అన్నాడు.

"తెడ్లేసుకుంటూ రమ్మంటావా? ఆ పోటుకి ఎదురా? నీకు ఈత వచ్చా, నాయనా?" అన్నాడు లోకెజాక్.

ఊరికి పెద్ద పడవ ఉంది. అందరూ పట్టే పడవే. మడుగులో చేపలు పట్టడానికని దాన్ని వదిలేశారు గానీ, పారిపోతామని తెరచాపలన్నీ సిపాయిలు తగలబెట్టేశారు.

"నేను అల్లుతాను. నాకు మొగలాకు కావాలి, నోరు మూసుకునే ఆడవాళ్లు కావాలి" అంది లిజెనే.

"మొగలాకు దొరుకుతుంది" అన్నాడు లోకెజాక్.

దొరికింది. ఆడవాళ్లూ దొరికారు. ఇంటింటా గుమ్మం ముందు కూర్చుని సిపాయిల కళ్ల ఎదుటే అల్లారు. ఒక్కొక్కరు ఒక్కొక్క పట్టీ. చూసేవాడికి అది పడుకునే చాపే. చాప అల్లే ఆడదాన్ని ఏ సైన్యమైనా ఏమని అనుమానిస్తుంది! పున్నమినాడు పట్టీలన్నీ లిజెనే ఇంట్లో చేరాయి. పొద్దున మొదలుపెట్టి, కొబ్బరి పీచు తాడుతో కుట్టేశారు. మధ్యాహ్నానికి పెద్ద తెరచాప తయారై ఇల్లంతా పరుచుకుంది. కోణాలు కిందికి మడిచేస్తే మామూలు చాపలాగే ఉంది.

అప్పుడు దిగాడు జపాను సార్జెంటు ఇకెదా.

పడవ చప్పుడు వినీ వినకముందే మనిషి గుమ్మంలో ఉన్నాడు. చిక్కి శల్యమైనా మీసం మాత్రం దర్జాగానే ఉంది. కొబ్బరి బోండం కావాలన్నాడు. గది అవతలి మూల ఉన్న బోండం తేవడానికి లోకెజాక్ లేచాడు. అక్కడే వచ్చింది చిక్కు. మా దగ్గర తెరచాపను తొక్కరు. దాటరు. తొక్కిన తెరచాపను గాలి ముట్టదంటారు. ముసలాయన, ప్రాణం మీదికొచ్చినా సరే, కుంటికాలు ఈడ్చుకుంటూ గోడ వారనే ఇల్లంతా చుట్టి వెళ్లాడు. అలాగే చుట్టి వచ్చాడు.

ఇకెదా ఆయన్ని చూశాడు. గోడలకు అతుక్కుని, నేలకు పరిచిన గులకరాళ్ల మీద కూర్చున్న జనాన్ని చూశాడు. మధ్యన ఖాళీగా ఉన్న చాపను చూశాడు.

"ఇంత చాప పెట్టుకుని రాళ్ల మీద కూర్చున్నారేం?"

మడిచిన కోణం ఎత్తి చూశాడా, ఊరు ఊరంతా కందకంలోకే.

లిజెనే లేచింది. తెరచాప నట్టనడుమకు నడిచి, కాళ్లు బారజాపుకుని చతికిలబడింది.

"కొత్త చాప దొరా! మాసిపోతుందని నేనే ఎవర్నీ కూర్చోనివ్వలేదు. నా పిసినారితనం మీకు తెలీదు గానీ వీళ్లనడగండి, చెప్తారు" అంది వాళ్ల భాషలో. తర్వాత మా భాషలో గట్టిగా, "మావయ్యా, వచ్చి కూర్చోండి" అంది.

"నేను కూర్చోను."

"కూర్చోండి. పాపం నాది."

"మీ అమ్మ ఉంటే నీ కాళ్లు విరగ్గొట్టేది."

"నా కాళ్లు రేపు విరగ్గొట్టుకోండి. ఇవాళ కూర్చోండి!"

మేనమామను అలా గదమాయించిన ఆడది మా దీవుల్లో అంతకుముందు లేదు. లోకెజాక్ మొహం కందగడ్డయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చుట్టూ ఉన్న పిల్లల్నీ తల్లుల్నీ ఒకసారి చూశాడు. కాలు ఎత్తి చాప మీద పెట్టాడు. పెట్టి, కూర్చున్నాడు. ఆయన వెనకే అందరూ వచ్చారు.

సార్జెంటు నవ్వాడు. "నీ పిసినారితనం పాడుగానూ!" అని బూట్లతోనే వచ్చి వెల్లకిలా పడుకున్నాడు. పస్తులున్న ఒళ్లు, మెత్తటి చాప. రెండు నిమిషాల్లో గురక. పొద్దు వాలేదాకా ఊరంతా ఆ గురక వింటూ కూర్చుంది. లేచాక ఒళ్లు విరుచుకున్నాడు.

"రేపు పొద్దున పడవ వస్తుంది. మీరంతా పెద్ద దీవికి రావాలి. ఈ చాప కూడా తెండి. మా కమాండరు గారికి ఇస్తాను" అన్నాడు.

"అలాగే దొరా. శుభ్రంగా దులిపి ఉంచుతాం" అంది లిజెనే.

వాడు వెళ్లాక లోకెజాక్ చాప దిగి బయటికొచ్చాడు. "అడుసు తొక్కి కాలు కడుక్కోవచ్చు. ఇది కడిగితే పోయేది కాదు. బూటుకాలు పడ్డ దాన్ని గాలి ముట్టదు" అన్నాడు.

"ముట్టకపోతే తెడ్లేస్తాం. తెడ్లు విరిగితే ఈదుతాం. ఇక్కడ మాత్రం ఉండం" అంది లిజెనే. అన్నదే గానీ, లోపల ఆమెకూ వణుకే. తల్లి చెప్పిన మాటను కాలితో తొక్కింది మరి.

తూరుపు తెలవారుతుండగా జనమంతా పడవెక్కారు. మడుగులోకి దిగాక తెరచాప ఎత్తారు. కొబ్బరిచెట్ల చాటున గాలి లేదు. చాప తడిబట్టలా వేలాడింది. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. అంతలో పెద్ద దీవి వైపునుంచి మోటారు పడవ చప్పుడు మొదలైంది. లోకెజాక్ చుక్కాని తెడ్డును పొట్టకు ఆనించుకుని, లంక కొన దాటించాడు.

గాలి తగిలింది.

తెరచాప ఒక్కసారి ఫెళ్లుమంది. కుట్లు కిర్రుమన్నాయి, ఒక్కటీ తెగలేదు. పడవ నిలకడకు పక్కన కట్టిన బద్ద నీళ్లలోంచి పైకి లేచింది. పిల్లలు కేకలు పెట్టారు. పడవ గండివైపు దూసుకుపోతుంటే మోటారు పడవ మీంచి కాల్చారు. తూటాలు వెనక నీళ్లలో పడ్డాయి. ఆ మోటారు పడవ ముందు నిలబడ్డ ఇకెదాను లిజెనే చూసింది. వాడూ తెరచాపను చూశాడు, పోల్చుకున్నట్టే ఉన్నాడు, తుపాకీ దించేశాడు.

"దొరా! చాప దులుపుతున్నాం!" అని అరిచింది లిజెనే. పడవంతా గొల్లున నవ్వింది. ఏడుస్తున్నవాళ్లూ నవ్వారు.

గండి బయట ఎదురలలు గోడల్లా లేచాయి. మోటారు పడవ గండి దాటి రాలేదు. లోకెజాక్ ఒక్కొక్కదాన్ని వీపుతో విని, పడవను పక్కకు వాలుస్తూ దాటించాడు. బూడిదరంగు ఓడ దగ్గరికొచ్చేసరికి నావికులు కమ్మీల మీదికి ఎక్కి టోపీలు ఊపుతున్నారు. మజురో మనిషి తాడు నిచ్చెన వదిలాడు.

"ముందు పెద్దాయన ఎక్కాలి! నాయకుడు ముందు!" అని కేకేశాడు.

మా దగ్గర మేనమామ తలకంటే ఎత్తున మేనకోడలు నిలబడదు. ఆయన ఉన్నచోట వంగి నడుస్తుంది. లిజెనే అలవాటుగా తల వంచుకుని పక్కకు జరిగింది.

లోకెజాక్ కదల్లేదు. చుక్కాని తెడ్డు పక్కనపెట్టి, ఊగుతున్న నిచ్చెనను రెండు చేతులా పట్టుకుని, పడవలో మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఎక్కమ్మా. నువ్వెక్కాకే నేను" అన్నాడు.

లిజెనే వంచిన తల ఎత్తింది. మేనమామ భుజం మీద కాలు ఆనించి ఎక్కింది.