సైదులు బండికి ఎక్కించిన ఫైలు

ఇన్నేళ్లుగా ఇది నా లోపల ఉంది. బరువంటారు గానీ, నాకిప్పుడు బరువుగా కూడా తెలియడం లేదు. తిమ్మిరెక్కిన కాలు మనదేనని గిల్లి చూసుకుంటే తప్ప తెలియదు కదా, అలా ఉంది. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

నందిగామలో నాకు షెడ్డు ఉండేది. కంప్యూటరుతో నడిచే డీజిల్ బళ్లు మావైపు కొత్తగా వస్తున్న రోజులవి. బండి బలం పెంచడానికి టర్బో మార్చి, ఇంజనులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవి వేసి, దానికి తగ్గట్టు బండి కంప్యూటరులో డీజిల్ లెక్క సరిచేయడం నా పని. ల్యాప్‌టాప్ పట్టుకుని బండెక్కేవాణ్ణి కాబట్టి అందరూ ఇంజనీరుగారూ అనేవారు. నేను కాదనలేదు.

జగ్గయ్యపేటలో సున్నపురాయి క్వారీ ఉన్న ఒకాయన పెద్ద ఇంజెక్టర్లు వేయమని తన బండి ఇచ్చారు. ఆయన డ్రైవరు సైదులు, వత్సవాయి మనిషి. ఆ లెక్క ఉన్న ఫైలును బండి కంప్యూటరులోకి ఎక్కించాక, బండిని రోడ్డు మీద తోలిస్తూ, పక్కన కూర్చుని లెక్క సరిచూడాలి. అసలు పని అదే. ఆ రోజు ఓనరుగారు రాహుకాలం రాకముందే బండి షెడ్డు దాటాలన్నారు. నేను సరేనన్నాను. మామూలు ఇంజెక్టర్లున్న వేరే బండికి చేసిన ఫైలు ల్యాప్‌టాప్‌లో ఉంటే, దాన్నే ఎక్కించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి పంపేశాను. పెద్ద ఇంజెక్టర్లకు ఆ లెక్క పెడితే డీజిల్ మితిమీరి పడుతుందని నాకు తెలియదా? తెలుసు. మర్నాడు పిలిచి సరిచేద్దామనుకున్నాను. పిలవలేదు. ఎందుకు పిలవలేదని ఎంత తవ్వుకున్నా పెద్ద కారణమేదీ దొరకదు, బద్ధకం తప్ప.

కొన్నాళ్లకే ఆ బండిని లారీ వెనక కట్టి లాక్కొచ్చారు. ఇంజను విప్పితే పిస్టన్ల నెత్తులు కరిగి ఉన్నాయి. ఓనరుగారు సైదుల్ని నా ముందు నిలబెట్టారు.

"వేడి ముల్లు చూసుకోకుండా తోలాడు వీడు. అంతేనా కాదా, మీరు చెప్పండి."

"ముల్లు లెగవలేదండి. నేను చూస్తానే ఉన్నా," అన్నాడు సైదులు, నావంకే చూస్తూ.

ఆ ముల్లు చూపించేది ఇంజను చుట్టూ తిరిగే నీళ్ల వేడిని. లోపల డీజిల్ ఎక్కువై పిస్టన్ కరుగుతున్నా అది కదలకపోవచ్చు. ఆ షెడ్డులో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"చూసుకుని తోలితే ఇట్టా అవదండి," అన్నాను.

సైదులు బండి తాళాలు ఓనరుగారి చేతిలో పెట్టాడు. ఇంజనీరే చెప్పాక ఇంకేముంది? ఇంజను కాల్చినవాడన్న పేరు పడ్డాక జగ్గయ్యపేటలో ఎవరూ అతని చేతికి తాళాలివ్వలేదు. క్వారీలో రాళ్లెత్తే పనికి కుదిరాడు. నేను ఇంజను బాగుచేసి, సరైన ఫైలు ఎక్కించి, ఈసారి రోడ్డు మీద తిప్పి మరీ ఇచ్చాను. ఓనరుగారు మెచ్చుకున్నారు. సిగ్గనిపించిందా? లేదు. ఏమీ అనిపించలేదు.

చాన్నాళ్లకు పేట బస్టాండులో సైదులు కనిపించాడు. తప్పుకునేలోపే ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. తన బావమరిది ఆటో ఇప్పిస్తానన్నా తనే వద్దన్నాడట. ఆ రోజు ముల్లు లేచే ఉంటుందని, తన కళ్లే సరిగా చూసి ఉండవని, నాలాంటివాళ్లు ఊరికే అనరు కదా అని నాకే సర్దిచెప్పాడు. నేను తలూపాను. బస్సొస్తే ఎక్కేశాను.

పని పోగొట్టడం ఒక ఎత్తు. తన కళ్లనే తను నమ్మకుండా చేశాను. ఇది అతనికి చెప్పాల్సిన మాట, మీకు కాదు. అదీ తెలుసు. అయినా మొదటిసారి రాస్తున్నాను, రాస్తుంటేనే కాస్త ఊపిరాడుతోంది. సైదులు బాగానే తోలాడు. ఇంజను కాల్చింది నేను.