తల ఊపితేనే హాజరు

గెర్గినా నోటికి జడవని మనిషి మా పచ్చళ్ళ కార్ఖానాలో లేడు. సీసా మూత వంకరగా బిగిస్తే అది మూత తప్పు కాదు, బిగించినవాళ్ళ పెంపకం తప్పు అంటుంది. ఎర్ర మిరపకాయల సీజను మొదలైతే కాయలు కాల్చే పొయ్యిల హోరును కూడా దాటుకుని ఆమె గొంతు గేటు దాకా వినిపిస్తుంది. అయినా ఆమె మీద ఎవరికీ కోపం నిలవదు. తిట్టిన నోటితోనే భోజనం వేళకి పక్కన కూర్చుని, తన డబ్బాలోని జున్ను ముక్క తీసి ఎదుటివాళ్ళ రొట్టె మీద పెడుతుంది.

పెళ్ళి కాకముందు కాయల తొక్కలు ఒలవడానికి చేరిన మనిషి. పొయ్యిల దగ్గర, బానల దగ్గర, మూతల దగ్గర అన్నిచోట్లా చేసి చివరికి షిఫ్టుకి పెద్ద అయింది. ఇల్లు గేటుకి ఎదురుగానే. కాఫీ తాగి కప్పు కడిగి రోడ్డు దాటితే పనిలో ఉన్నట్టే. ఆలస్యంగా రావడమంటే ఏమిటో ఆమెకి ఒంటికి పట్టిన సంగతి కాదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

గేటు లోపలి గోడకి అప్పట్లో ఒక హాజరు గడియారం ఉండేది. ఎవరి కార్డు వాళ్ళు దాని నోట్లో పెడితే టక్కుమని వేళ అచ్చు వేసేది. పల్లెల నుంచి ఆడవాళ్ళని తెచ్చే బస్సు మాత్రం షిఫ్టు గంట మోగాక గానీ వచ్చేది కాదు. అందుకని ఊళ్ళోవాళ్ళు ముందే వచ్చి బస్సువాళ్ళ కార్డులు కూడా టక్కుటక్కున కొట్టేసేవారు. దాన్ని ఎవరూ మోసం అనుకోలేదు. పక్కింటి పొయ్యి మీద పాలు పొంగుతుంటే దించి పెట్టడం లాంటి సాయమే అనుకున్నారు. వంకర మూతని అంత దూరం నుంచి పట్టేసే గెర్గినా, ఆ కాసేపూ కిటికీలోంచి అక్రోటు చెట్టుకేసి చూస్తూ నిలబడేది. చెట్టు మీద చూడ్డానికి ఏమీ ఉండేది కాదు.

బస్సు ఆగగానే పల్లె ఆడవాళ్ళంతా కొంగులు బిగించినట్టు తలగుడ్డలు బిగించుకుని గేటు దాకా పరుగెత్తేవారు. అందరికన్నా వెనక త్సోంకా ఉండేది. కార్ఖానా మొత్తానికి వయసులో ఆవిడే పెద్ద, అందరికీ పిన్ని. ఎర్రబడ్డ మొహంతో, నోటితో గాలి పీల్చుకుంటూ వచ్చి పీట మీద కూలబడి, మొదటి మూడు కాయలూ ఒలిచేదాకా మాట్లాడలేకపోయేది.

పోయిన శరత్కాలంలో వాన పడ్డ ఒక పొద్దున త్సోంకా అలా పరుగెడుతూ గేటు బయట జారి పడింది. మోకాలు పోయింది. పనికి వస్తూ దారిలో పడ్డ మనిషికి వైద్యమూ సెలవూ ఇవ్వాలి, అది రూలు. కానీ బీమా ఆఫీసు వాళ్ళు కార్డు అడిగి చూశారు. ఆ కార్డు ప్రకారం పడ్డ వేళకి త్సోంకా లోపల కూర్చుని కాయలు ఒలుస్తోంది. లోపల ఉన్న మనిషి రోడ్డు మీద ఎలా పడుతుందని తిప్పి పంపేశారు. ఆ శీతాకాలమంతా పిన్ని తన సెలవులన్నీ ఖర్చు పెట్టుకుని, కుంటుకుంటూ తిరిగింది. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే గెర్గినాని తినేసింది. ఆ పొద్దున తను చెట్టు వైపు కాకుండా గడియారం వైపు తిరిగి ఉంటే పిన్నికి ఈ గతి పట్టేది కాదని ఆమెకి తెలుసు.

ఈ ఏడు మిరపకాయల సీజను మొదలవగానే ఆమె ఓనరు దెల్చో దగ్గరికి వెళ్ళింది. ఆయన ఉండేది పట్నంలో, ప్లోవ్‌దివ్‌లో, కార్ఖానాకి వారానికోసారి వస్తాడు.

"షిఫ్టు గంట కాస్త వెనక్కి జరపండి దెల్చో గారూ. బస్సు వచ్చాక మొదలెడదాం. సాయంత్రం ఆ కాస్తా చేసే వెళ్తారు."

"ఎందుకు జరపడం? నీ వాళ్ళంతా గంట కొట్టకముందే లోపలుంటున్నారుగా. కార్డులు చూశాను, పూజారుల కన్నా ముందొస్తున్నారు."

గెర్గినా ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. దెల్చో మొహం మాడింది.

"అంటే ఇన్నాళ్ళూ నాకు బొమ్మలాట చూపించారన్నమాట. ఇప్పుడు వీళ్ళు చెప్పే బస్సు కథ మాత్రం నేను నమ్మాలా? కొత్త మెషిను పెట్టిస్తాను. ఒక వారం కల్తీ లేని హాజరు చూపించు, అప్పుడు గంట సంగతి మాట్లాడదాం. మళ్ళీ ఒక్క దొంగ హాజరు కనబడిందో, బస్సు వాళ్ళ బదులు ఊళ్ళో వాళ్ళనే పెట్టుకుంటాను. నీ పదవి కూడా ఉండదు."

ఆమె వెనక్కి వచ్చి పీటల మధ్య నిలబడి సంగతి చెప్పింది. ఎవరూ కాయ ఒలవలేదు.

"ఆలస్యం అంతా బయట పడుతుంది కదక్కా. ఇంటికి పంపించేస్తే?" అంది ఒకామె.

"పడనివ్వండి. ఎప్పుడొస్తే అప్పుడే హాజరు వేయించుకోండి. ఒకరి బదులు ఒకరు వద్దు. పంపిస్తే మీతోపాటు నేనూ వస్తాను, ఆ బస్సే ఎక్కి. ఏం పిన్నీ, నమ్ముతావా నన్ను?"

త్సోంకా తల అటూ ఇటూ ఊపింది. మా దేశంలో తల అడ్డంగా ఊపితే సరేనన్నట్టు. వద్దనాలంటే గడ్డం పైకెగరేసి నాలిక చప్పరిస్తాం. పిన్ని ఊపడం చూసి మిగతావాళ్ళూ ఊపారు. గెర్గినా మొహం పక్కకి తిప్పుకుని, "సరే, కాయలు ఒలవండి, చూస్తున్నారేం," అని కసిరింది.

ముందు వేలిముద్రల మెషిను వచ్చింది. కాల్చిన మిరపకాయలు ఒలిచే చేతులకి ముద్రలేం మిగుల్తాయి? పైగా ముందు మనిషి చేతి ఘాటు వెనక మనిషి వేలికి, ఆ వేలు కంటికి చేరి, రెండు రోజులు అందరూ ఏడుస్తూ పనిచేశారు. అప్పుడు దెల్చో జర్మనీలో ఉన్న బావమరిదితో చెప్పించి మొహం చూసి గుర్తుపట్టే మెషిను తెప్పించాడు. ఎవరైనా ఫొటో తెచ్చి దాని ముందు పెడతారేమోనని అది ప్రతివారికీ ఒక ప్రశ్న వేస్తుంది. "మీరు ఫలానా వారేనా? తల ఊపి చెప్పండి," అని తియ్యటి ఆడగొంతుతో అడుగుతుంది. ఊపాక, "ధన్యవాదాలు, మీ జవాబు నమోదైంది," అంటుంది. దెల్చో ప్లోవ్‌దివ్‌లో కూర్చుని ఫోనులో చూసుకుంటాడు.

మొదటి రోజు గెర్గినా రోడ్డు దాటి వచ్చి మెషిను ముందు నిలబడింది. "మీరు గెర్గినాయేనా?" అంది అది. తల బాగా ఊపింది. ధన్యవాదాలంది. బస్సు వచ్చాక పల్లెవాళ్ళు ఎప్పటిలాగే పరుగున వచ్చి, రొప్పుతూ వరసగా నిలబడి తలలు ఊపారు. అందరికీ ధన్యవాదాలే. త్సోంకాకి ఆ మర్యాద నచ్చి, "నీకు కూడా తల్లీ," అంది మెషినుతో.

పెట్టెలెత్తే ఫోర్కు బండి నడిపే జివ్కో మాత్రం ఆ వరసలో లేడు. పొద్దున్నే లేవడం అతని జాతకంలో లేదు. అతని స్నేహితుడు మించో మాత్రం వచ్చాడు, చంకలో జివ్కో ఫొటోతో. ఎవరిదో పెళ్ళిలో తీసింది, మొహం మనిషి మొహమంత చేయించి అట్టకి అంటించారు. అట్ట చాలక గడ్డం కింద నుంచి ఒట్టి కాగితమే. గేటు దగ్గర జనం తగ్గాక మించో దాన్ని మెషిను ముందు పెట్టి అడ్డంగా ఊపబోయాడు. పొగ తోసే పెద్ద ఫ్యాను గాలికి కాగితం మెడ దగ్గర వంగి, జివ్కో తల కిందకీ మీదకీ ఊగింది. ధన్యవాదాలంది మెషిను. మించో పెట్టెల వెనక ఫొటో దాచి పనిలోకి వెళ్ళాడు.

కాఫీ వేళకి ముందే గెర్గినా ఫోను మోగింది.

"నీ మాట నమ్మినందుకు బాగా బుద్ధి చెప్పావు గెర్గినా," అన్నాడు దెల్చో. "షిఫ్టు మొత్తం దొంగ హాజరే. ఒక్కరు కూడా అసలు మనిషి కాదట. జివ్కో ఒక్కడే వచ్చాడు."

"ఎవరు?"

"జివ్కో. వాడొక్కడే నిజాయితీపరుడు. బయల్దేరుతున్నాను."

గెర్గినా ఫోను జేబులో పెట్టి పీటల వైపు చూసింది. అందరూ ఉన్నారు. లేనిది జివ్కో ఒక్కడే. తన మాట మీదే వీళ్ళు ఉన్న ఒక్క అండా వదులుకున్నారు. ఇప్పుడు బస్సు పోయింది, గంట పోయింది, పిన్ని మోకాలికి న్యాయం అసలే లేదు. ఆమె ఎవర్నీ తిట్టకుండా తిరిగింది. అది చూసి అందరికీ భయం వేసింది.

దెల్చో వచ్చాడు. లోపలికి అడుగు పెట్టి ఆగిపోయాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా చేతులు ఆడుతున్నాయి, తొక్కలు బుట్టల్లో పడుతున్నాయి.

"వీళ్ళెవరు?" అన్నాడు.

"మీ పనివాళ్ళే. మొహాలు మర్చిపోయారా?" అంది గెర్గినా.

"మరి జివ్కో ఏడీ?"

జవాబుగా గేటు తోసుకుని జివ్కోనే వచ్చాడు. ఒక చేతిలో జున్ను కూరిన వేడి రొట్టె, బనిత్స, నోట్లో సగం. ఓనర్ని చూసి నమలడం ఆపాడు.

"నువ్వు పొద్దున్నే వచ్చావటగా," అన్నాడు దెల్చో.

జివ్కో మింగలేక, కక్కలేక తల అడ్డంగా ఊపాడు.

"ఎంత ధైర్యంరా నీకు," అంది గెర్గినా. ఆ ఒక్క మాటకే మించో లేచి వెళ్ళి పెట్టెల వెనక నుంచి ఫొటో తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. జివ్కో మొహం, అట్ట మీద జివ్కో మొహం, రెండూ పక్కపక్కన చూసి వెనక వరసలో ఎవరో దగ్గినట్టు నవ్వారు.

"అయితే కాగితాన్ని మనిషంది, మనుషుల్ని కాదంది," అని గొణుక్కుంటూ దెల్చో తనే మెషిను ముందుకి వెళ్ళాడు. "మీరు దెల్చో గారేనా?" అంది అది. ఆయన ఓనరు హోదాలో గట్టిగా తల ఊపాడు. ధన్యవాదాలు చెప్పింది. ఫోను తీసి చూశాడు. 'దెల్చో, ఆ వ్యక్తి కాదు' అని ఉంది. మళ్ళీ నిలబడి, మెడ పట్టేసేంత ఊపాడు. మళ్ళీ కాదంది. ఆడవాళ్ళంతా మోచేతుల్లో మొహాలు దాచుకున్నారు.

"నా కార్ఖానాలో నేనే కాదంటుంది, చూశావా? దీంతో లాభం లేదు," అంటూ ఆయన విసిగిపోయి, మెషిను మొహం మీదే గడ్డం పైకెగరేసి నాలిక చప్పరించాడు. ఎగరేసిన గడ్డం కిందకి దిగేసరికి చేతిలో ఫోను కిణింగుమంది. దెల్చో, హాజరు.

ముందుగా నవ్వింది త్సోంకా. ఆ తర్వాత ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం. దెల్చో కూడా పీట లాక్కుని కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు.

"బావమరిది ఉన్న దేశంలో అవునంటే తల పైకీ కిందకీ ఊపుతారు కాబోలు," అన్నాడు చివరికి. "వాడికి చెప్పి మార్పిస్తాను. అప్పటిదాకా అందరూ కాదన్నట్టు ఊపండి, సరిపోతుంది."

"నేను ఊపను," అంది త్సోంకా. "ఈ వయసులో, నువ్వు త్సోంకావేనా అని అడిగితే కాదని చెప్పమంటావా? చచ్చినా చెప్పను."

మెషినుకి మా పద్ధతి నేర్పించేదాకా పిన్ని హాజరు ఒక్కటి గెర్గినాయే కాగితం మీద రాసి ఓనరు చేత సంతకం పెట్టించింది. అది మారాక, జివ్కో తప్పుని ఓనరు ఈ ఒక్కసారికి వదిలేశాక, వారం లెక్క మొదలైంది. ఎవరూ ఎవరి బదులూ నిలబడలేదు. జివ్కో కూడా రెండు అలారాలు పెట్టుకుని వచ్చాడు, అతని ఫొటోని గెర్గినా మెషిను పక్కనే మేకుకి తగిలించింది కాబట్టి.

వారం చివర దెల్చో వచ్చి ఆఫీసు గదిలో తెర ముందు చాలాసేపు కూర్చున్నాడు. బస్సువాళ్ళంతా ప్రతి రోజూ గంట మోగాకే వచ్చినట్టుంది, ఒక్కరు కూడా ముందు లేరు.

"పల్లె పల్లెంతా కలిసి ఇంత సరిగ్గా ఒకేసారి ఎలా ఆలస్యం అవుతారు?" అన్నాడు. తనే మళ్ళీ, "బస్సే కదూ," అన్నాడు.

గెర్గినా తల ఊపింది. "మనం దొంగ కార్డులు కొట్టినన్నాళ్ళూ కాగితాల్లో బస్సు వేళకే వచ్చింది దెల్చో గారూ. దాని ఆలస్యాన్ని దాచిపెట్టింది మనమే. పిన్ని మోకాలు పోయింది అందుకే. నేను చూస్తూ ఊరుకున్నాను."

దెల్చో తెర మీద షిఫ్టు మొదలయ్యే వేళ మార్చి, కుర్చీ కాస్త జరిపాడు, ఆమె కూడా చూసేలా.

తర్వాతి సోమవారం గెర్గినా కాఫీ కప్పు కడిగి, రోడ్డు దాటకుండా తన గుమ్మంలోనే నిలబడింది. బస్సు వచ్చి ఆగింది. పల్లెవాళ్ళు దిగారు. అలవాటు కొద్దీ ఇద్దరు ముగ్గురు పరుగందుకుని, గుర్తొచ్చి ఆగి నవ్వుకున్నారు. అందరి వెనకా త్సోంకా, ఎవరితోనో వంకాయలు ఎలా నిలవ పెట్టాలో మాట్లాడుతూ, మోకాలికి నొప్పి తగలకుండా నడిచి వస్తోంది. ఆవిడ మొహం ఎర్రగా లేదు. ఇన్నేళ్ళలో పిన్ని అసలు మొహం రంగు ఇదని గెర్గినాకి తెలియదు.

త్సోంకా మెషిను ముందు ఆగింది. జేబులోంచి దువ్వెన తీసి ముందు వెంట్రుకలు సర్దుకుంది, తలగుడ్డ విప్పి మళ్ళీ కట్టుకుంది. వెనక వరస వాళ్ళు ఎవరూ తొందర పెట్టలేదు.

"మీరు త్సోంకాయేనా?" అంది మెషిను.

పిన్ని నెమ్మదిగా, తీరిగ్గా, తల అటూ ఇటూ ఊపింది.